ఓడకి తూర్పున

మన చరిత్ర పుస్తకాల్లో ఏ రాజు ఏ కోటలో పట్టం కట్టుకున్నాడో ఉంటుంది, ఏ రాణి ఏ చెరువు తవ్వించిందో ఉంటుంది. సముద్రం ఒడ్డు గుమాస్తాలు ఏ చెయ్యి ఎండకి అడ్డం పెట్టుకుని సముద్రాన్ని చూసేవారో మాత్రం ఎక్కడా ఉండదు. ఈ లోపాన్ని కొంతైనా పూడ్చడం మన విధి. కనక భావితరాల కోసం రాసిపెడుతున్నాం: విశాఖపట్నం బీచి రోడ్డులో, మేడమీద వరండాలో, గురునాథరావు కుడి అరచెయ్యి కనుబొమల మీద ఆన్చి, ఎడమచెయ్యి కుర్చీ చేతిమీద ఉంచి, లేవకుండా చూసేవాడు. లేవకుండా అన్న మాట ముఖ్యం. లేచి చూసే గుమాస్తాలు కూడా ఆ రోజుల్లో ఉండేవారని కొందరు వాదిస్తారు గాని, వాళ్ల దగ్గర ఆధారాలు లేవు.

అలా తూర్పుకేసి ఒకసారి చూసి, "ఉంది" అనేవాడు.

గుమ్మం పక్కన స్టూలు మీద కూచున్న ప్యూను జగ్గయ్య, తల తిప్పకుండానే, "ఉందండి" అని బలపరిచేవాడు.

అప్పుడు టీ వచ్చేది. దీంతో ఆ రోజుకి బంగాళాఖాతపు మత్స్యసంపద పరిరక్షణ పూర్తయినట్టు.

ఆ ఆఫీసు పేరు తీరజల ఇసుక పర్యవేక్షణ ఉపవిభాగం. పేరు చదివేసరికి సగం ఊపిరి పోతుంది కాబట్టి జనం ఇసకాఫీసు అనేవారు. ఊరు అటు రేవువైపూ ఇటు స్టీలు ప్లాంటువైపూ పెరిగిపోతున్న రోజులవి. పల్లపు నేలలు మెరక చెయ్యడానికి ఇసుక కావాలి. ఒక కాంట్రాక్టరు ఎక్కణ్ణుంచో డ్రెడ్జరు తెప్పించి, సముద్రం అడుగునుంచి ఇసుక పీల్చి గట్టుకి చేరవేస్తున్నాడు. ఆ పీల్చేవాడు చేపలూ రొయ్యలూ బతికేచోట పీల్చకుండా చూడటానికి ప్రభుత్వం ఒక మనిషిని పెట్టాలనుకుంది. మనిషి కోసం వెతికింది. గురునాథరావు దొరికాడు.

గురునాథరావుది తగరపువలస అవతల ఒక పల్లె. వాళ్లింటివాళ్లు తరతరాలుగా వరీ గోగూ పండించినవాళ్లు. సముద్రాన్ని వాళ్లు గ్రహణాలకి స్నానం చెయ్యడానికి తప్ప చూసి ఎరగరు, అది కూడా మోకాలి లోతుదాకా. పర్యవేక్షకుడు రోజూ లాంచీలో డ్రెడ్జరు దగ్గరికి వెళ్లి, అది ఎక్కడ తవ్వుతోందో స్వయంగా చూసి సంతకం పెట్టాలని నిబంధన. ఉద్యోగంలో చేరిన మర్నాడు అతను నిబంధన ప్రకారమే లాంచీ ఎక్కాడు. రేవు ముఖద్వారం దాటగానే పొద్దున తిన్న ఉప్మా యావత్తూ సముద్రుడికి సమర్పించుకున్నాడు. తర్వాత కాసేపు ఉప్మా కానిది కూడా సమర్పించుకున్నాడు. గట్టు ఎక్కాక, కళ్లజోడు పెడితే చూపు ఆనేవాడికి లాంచీ ఎందుకు అన్న గొప్ప ప్రశ్న అతనికి తట్టింది. జవాబు కూడా వెంటనే దొరికింది. ఆనాటినుంచి సంతకం లాంచీలో వెళ్లినట్టే పడేది, చూడటం మాత్రం వరండాలోంచి జరిగేది. లాంచీ డీజిలు ఎటుపోయిందో ఎవరూ అడగలేదు, మనమూ అడగొద్దు.

ఇంతకీ వరండాలోంచి చూసి "ఉంది" అనేది దేన్ని? డ్రెడ్జర్నా? కాదు. ఓడని. అక్కడికే వస్తున్నాను.

జాలర్లు వేటాడే చోటుకీ, డ్రెడ్జరు తవ్వే చోటుకీ మధ్య హద్దు వెయ్యాలి. పొలానికైతే గట్టు వేస్తాం. సముద్రానికి ఏం వేస్తాం? దీనిమీద ఇసకాఫీసులో ఒక సమావేశం జరిగింది. జాలరిపేట తరఫున తాతబాబు వచ్చాడు. తాతబాబు పేట పెద్ద. మూడు పడవలున్నాయి గాని, పడవ ఎక్కి ఏళ్లయింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సమావేశాలకి వెళ్లడమే అతని వేట. "మాకు కొండలే గురుతులు బాబూ. ఆ కొండ కొసా, లైటవుసూ ఒక వరసలోకి వత్తే అదే మా సోటు" అన్నాడు.

సూపరింటెండెంటు రమణమూర్తి ఒప్పుకోలేదు. రమణమూర్తి ఫైలే మనిషి రూపం దాల్చినట్టుండే అధికారి. "కొండల్ని నమ్మడానికి వీల్లేదయ్యా. ఊరిచుట్టూ కొండలన్నీ రాయికోసం పేల్చేస్తున్నారు. ఇవాళ ఉన్న కొండ కొస రేపు ఉంటుందని ఎవడు రాసిస్తాడు?" అన్నాడు.

పీపాలు కట్టి నీళ్లమీద తేలే గుర్తులు వేశారు. ఆ ఏడు ఊళ్లో నీటి ఎద్దడి. వారం తిరక్కుండా ఆ పీపాలు ఎవరెవరి పెరళ్లలోనో కొళాయిల కింద తేలాయి.

అప్పుడు తాతబాబే వేలెత్తి కిటికీలోంచి చూపించాడు. "ఆ తుప్పోడ ఉంది గదేటి? దాన్నే ఎట్టండి. సిన్నపిల్లడిక్కూడా కనపడతాది."

తుప్పోడ అంటే, అప్పులపాలైన ఒక పరదేశపు ఓడ. అప్పులవాళ్లు కోర్టుకి ఎక్కి దాన్ని పట్టించారు. కేసు నడుస్తోంది, ఓడ నడవటం లేదు. లంగరు వేసుకుని ఏళ్ల తరబడి గట్టుకి దూరంగా నిలబడి తుప్పు పడుతోంది. దానిమీద ఒక వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. ఈ ఓడ మాట వినగానే రమణమూర్తి ముఖం వెలిగింది. కోర్టు ఉత్తర్వు నకలు తెప్పించాడు. సదరు ఓడ ప్రస్తుతం ఉన్న స్థలంనుంచి కదలరాదు అని అందులో స్పష్టంగా ఉంది.

"చూశారా? కొండకి కోర్టు ఉత్తర్వు లేదు. దీనికుంది" అన్నాడు రమణమూర్తి.

సభ్యులందరూ తలలూపారు. ఒక్కడైనా, సముద్రానికి ఆ ఉత్తర్వు నకలు అందిందా అని అడగలేదు. ఓడకి తూర్పున తవ్వుకోవచ్చు, పడమట తవ్వకూడదు అని తీర్మానం అయింది. పడమట చిలకమ్మ మడుగు ఉంది. ఆ అడుగు బురదలో రొయ్య పెరుగుతుంది, జాలరిపేట సగం ఆ రొయ్య మీదే బతుకుతుంది. పేట కుర్రాళ్లు మోటారు పడవలు వచ్చిన తర్వాత కొండల వరసలు చూడటం మానేసి, తిన్నగా తుప్పోడ దగ్గరికి పోయి, దానికి పడమటవైపు వల దించి వచ్చేవారు. ఇలా ప్రభుత్వమూ, కాంట్రాక్టరూ, ప్రజలూ, ముగ్గురూ ఒకే తుప్పుని నమ్ముకుని హాయిగా ఉన్నారు.

గురునాథరావుకి లేనిది ఒక్క హాయే. అతను టెంపరరీ. డెబ్బై అయిదులో చేరిన ఉద్యోగం ఎనభై రెండు వచ్చినా టెంపరరీగానే ఉంది. ఆర్నెల్లకోసారి పొడిగించేవారు. పొడిగింపు కాయితం వచ్చేదాకా ఇంట్లో భార్య తాయారు ఏ వస్తువూ కొననిచ్చేది కాదు. బావమరిది నీలకంఠం స్టీలు ప్లాంటులో పర్మనెంటు. దువ్వాడ వైపు ఇంటిస్థలం కూడా కొన్నాడు. వాడు వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పకముందే అడిగేవాడు:

"ఏటి బావా, సముద్రంలో ఇసక ఇంకా ఉందేటి?"

"ఉందిరా."

"అయిపోనాదనుకున్నాను. నీ ఉద్యోగం సూత్తే అలాగే ఉంది మరి."

తాయారు నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి వెళ్లేది. గురునాథరావుకి అన్నం సయించేది కాదు. పర్మనెంటు కావడం తప్ప అతనికి ఈ భూమ్మీద ఇంకో కోరిక లేదు. ఆ ఏడు దసరాలకి రమణమూర్తి పిలిచి రహస్యంగా చెప్పాడు: "నీ ఫైలు హైదరాబాదులో ఉంది. ఈ రొయ్యల సీజను ఒక్కటీ ఫిర్యాదు లేకుండా గడిస్తే నువ్వు పర్మనెంటు. ఫిర్యాదు వచ్చిందో, నువ్వూ లేవు, నీ కుర్చీ కూడా లేదు."

దీపావళి ముందు వాయుగుండం పట్టింది. తూర్పు గాలి రెండు రోజులు ఊరిని ఝాడించింది. పడవలన్నీ గట్టెక్కాయి. ఇసకాఫీసు వరండాలో గాలి గురునాథరావు కళ్లజోడు లాక్కుపోయి రోడ్డుమీద కొట్టింది. అతను మర్నాడే జగదాంబ సెంటరు దగ్గర షాపులో కొత్త కళ్లజోడు చేయించుకున్నాడు. వాన వెలిశాక దాన్ని పెట్టుకుని, అరచెయ్యి అడ్డం పెట్టి, తూర్పుకేసి చూశాడు.

"ఉంది" అన్నాడు. అని ఆగి, "అబ్బ!" అన్నాడు.

ఓడ ఉంది. ఉండటమే కాదు, దివ్యంగా ఉంది. ఇన్నాళ్లూ అగ్గిపెట్టెంత కనబడేది ఇవాళ భోషాణమంత కనబడుతోంది. వాచ్‌మన్ ఆరేసిన ఎర్ర లుంగీ కూడా ఆనుతోంది. గురునాథరావు కళ్లజోడు తీసి భక్తిగా తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఇన్నేళ్లూ గుడ్డివాడిలాగా బతికానని వాపోయాడు. కళ్లజోడు చేసినవాడి గొప్పతనం ఆఫీసంతా చాటాడు. రమణమూర్తి కూడా అదే షాపులో చేయించుకున్నాడు. వచ్చి వరండాలోంచి చూసి, "ఏమాటకామాటే, పనివాడయ్యా" అన్నాడు. ఇలా ఆ షాపుకి ప్రభుత్వ రంగంలో మంచి పేరొచ్చింది.

కార్తీకం వెళ్లకముందే ఇసకాఫీసు మెట్లమీద సూర్యకాంతమ్మ గొంతు వినబడింది. ఆమెది జాలరిపేటలో పెద్ద చేపల గంప. ఇద్దరు కొడుకులు మోటారు పడవ మీద పోతారు. వెనక తాతబాబు ఇస్త్రీ చొక్కాతో ఉన్నాడు.

"ఏటి బాబూ, కూకున్నావా? కూకో కూకో. మా రొయ్యలేటైపోనాయో సెప్పి కూకో."

"రొయ్యల సంగతి నాకేం తెలుసమ్మా?"

"నీకు తెలీక మరి ఎవరికి తెలుసు? రొయ్యల్ని కాయడానికే గదేటి నిన్నెట్టింది? వల్లో రాళ్లూ గుల్లలూ తప్ప రొయ్యన్నది రాడంలేదు. ఆ డ్రెజ్జరోడు మా మడుగంతా పీకేత్తన్నాడు."

ఫిర్యాదు అన్న మాట ఇంకా ఎవరూ అనలేదు గాని గురునాథరావుకి చెవుల్లో ఆ మాటే మోగింది. "డ్రెడ్జరు ఓడకి తూర్పునే ఉందమ్మా. నేను రోజూ చూస్తున్నాను" అన్నాడు.

"అది నిజవేనే సూర్యకాంతం" అన్నాడు తాతబాబు. "తూర్పునే ఉన్నాడు. నానూ గట్టుమీంచి సూత్తన్నాను."

"నువ్వు గట్టు దిగితే గదేటి ఇంకేదైనా సూసేది! తూర్పున ఉంటే మరి నా కొడుకులు ఓడకి పడమటేపే వలేత్తన్నారు గదా. రొయ్యేది?"

ఇక్కడ చదువరికి ఒక సందేహం రావచ్చు. ఆ కొడుకులకైనా తెలియదా అని. గట్టుమీంచి చూసేవాడికి కదా ఓడ పెద్దదైందో చిన్నదైందో తెలిసేది. వాళ్లు దాని పక్కకే పోయి వల దించేవారు. పక్కనుంచి చూస్తే ఓడ ఎప్పుడూ ఓడంతే ఉంటుంది.

రమణమూర్తి ఉమ్మడి తనిఖీకి ఆదేశించాడు. నలుగురూ వరండాలో వరసగా నిలబడ్డారు. గురునాథరావు కూడా ఆ ఒక్కరోజు లేచి నిలబడ్డాడు. టీ వచ్చింది. అందరూ తూర్పుకేసి చూశారు. ముందు ఓడ, దాని వెనక డ్రెడ్జరు పొగ.

"డ్రెడ్జరు ఓడకి ఎటు ఉంది?" అని రమణమూర్తి న్యాయమూర్తిలాగా అడిగాడు.

"తూర్పునండి" అన్నాడు తాతబాబు.

"నువ్వేమంటావమ్మా?"

సూర్యకాంతమ్మ చాలాసేపు చూసింది. "తూర్పునే" అంది. ఒప్పుకోక ఆమె మాత్రం ఏం చేస్తుంది? కళ్లెదుట ఉంది.

డ్రెడ్జరు హద్దు మీరలేదనీ, రొయ్యలు తమ సొంత కారణాలవల్ల వెళ్లిపోయాయనీ కాయితం తయారైంది. తాతబాబు సంతకం పెట్టాడు. సూర్యకాంతమ్మ వేలిముద్ర వేసి, వేలు వరండా స్తంభానికి రాసేసి వెళ్లిపోయింది. గురునాథరావు ఆ సాయంత్రం తాయారుకి పర్మనెంటు చేతికందినట్టేనని చెప్పాడు.

నాలుగు రోజులు పోయాక, ఊసుపోక, జగ్గయ్యని ఆటపట్టించబోయాడు. జగ్గయ్య వయసు యాభై దాటింది, కళ్లజోడు లేదు.

"ఒరే జగ్గయ్యా, ఓడమీద ఏం ఆరేసుందో చెప్పు చూద్దాం. నీవల్ల కాదులే."

జగ్గయ్య బీడీ ఆర్పకుండానే అటు చూశాడు. "ఎర్ర లుంగీ. ఇయాళ బనీను కూడా ఉంది బాబూ."

గురునాథరావు నవ్వు ముఖంమీదే ఎండిపోయింది. "నీకెలా కనబడుతోందిరా?"

"ఎదరే ఉంది గదేటి. వాయుగుండానికి లంగరు ఈడ్సుకుని ఇలా దగ్గిరకొచ్చీసింది."

"మరి నాతో చెప్పలేదేం?"

"బలేవోరే! మీరు రోజూ సూత్తన్నారు గదా. మీరు 'ఉంది' అంటన్నారు, నాను 'ఉందండి' అంటన్నాను. ఎక్కడుందీ అని మీరెప్పుడైనా అడిగినారేటి?"

గురునాథరావు కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. అంతటితో ఆ షాపువాడి కీర్తి ముగిసింది. ఓడ గట్టువైపు, అంటే పడమటికి జరిగింది. హద్దు దాంతోపాటు జరిగింది. ఓడకి తూర్పున అంటే ఇప్పుడు చిలకమ్మ మడుగు. డ్రెడ్జరు నిబంధనని అక్షరాలా పాటిస్తూ ఆ మడుగునే తవ్వుతోంది. గట్టుకి దగ్గరైనందుకు కాంట్రాక్టరుకి డీజిలు కూడా కలిసొస్తోంది. సీజను ఇంకా సగం ఉంది. ఇవాళ ఒక్క మాట చెబితే సగం మడుగైనా మిగులుతుంది.

ఆ ఒక్క మాటకోసం గురునాథరావు వారంపాటు తనతో తాను పోరాడాడు. పూర్వం మహావీరులు ఇలాంటి పోరాటాల్లో అన్నపానాలు మానేసేవారట. గురునాథరావు రెండోమారు పెరుగన్నం మానేశాడు. చివరికి ధైర్యం చిక్కబట్టుకుని రమణమూర్తి గదిలోకి వెళ్లాడు.

"సార్, ఓడ కదిలిందండి."

రమణమూర్తి ఫైల్లోంచి తల ఎత్తలేదు. "కదల్లేదు."

"వాయుగుండానికి లంగరు జారి..."

"కదలరాదని కోర్టు ఉత్తర్వు ఉంది. కదిలిందని మనం రాస్తే, కోర్టు మాట ఓడ వినలేదని మనమే చాటినట్టు. అది మన శాఖ పని కాదు."

"కాదుగానండి, చిలకమ్మ మడుగు..."

అప్పుడు రమణమూర్తి తల ఎత్తాడు. కొత్త కళ్లజోడు తళుక్కుమంది. "సరేనయ్యా. రాద్దాం. నువ్వే రాయి. రోజూ లాంచీలో డ్రెడ్జరు దగ్గరికి వెళ్లి స్వయంగా చూశానని వాయుగుండం తర్వాత ప్రతిరోజూ సంతకం పెట్టావు గదా? మరి అంత దగ్గర్నుంచి చూసినవాడికి ఓడ కదిలిన సంగతి ఇవాళే ఎలా తెలిసిందో అది కూడా రాయి. రాసి, కింద నీ హోదా రాయి. టెంపరరీ అని."

గురునాథరావు, "పొరపాటు పడ్డానేమో సార్" అన్నాడు.

"పడే ఉంటావు" అన్నాడు రమణమూర్తి దయగా.

మర్నాడు సూర్యకాంతమ్మ వచ్చింది. ఈసారి తాతబాబు లేడు, అరుపుల్లేవు. ఖాళీ గంప మెట్టుమీద బోర్లించి దానిపక్కనే కూచుంది.

"బాబూ, పేటలో ఆళ్లూ ఈళ్లూ ఏటేటో అంటన్నారు. ఓడ జరిగిందని ఒకడు, లేదని ఒకడు. తాతబాబునడిగితే సంతకం ఎట్టేసినాక ఇంకేటని కసురుతున్నాడు. నువ్వు సదువుకున్నోడివి. రోజూ సూసేవోడివి. నీ నోటితో ఓ మాట సెప్పు. ఆ డ్రెజ్జరోడు మా మడుగులో ఉన్నాడా, లేడా?"

జగ్గయ్య స్టూలు మీద బీడీ కాల్చడం ఆపాడు. గురునాథరావు సముద్రంకేసి చూడలేదు, గంపకేసి చూడలేదు. ఫాన్ వైపు చూశాడు. కరెంటు లేక అది కూడా కదలడం లేదు.

"ఓడకి తూర్పున ఉన్నాడమ్మా" అన్నాడు.

"నానడిగింది అది కాదు."

"నేను చెప్పగలిగింది అదే."

ఆమె లేచింది. గంప చంకనెట్టుకుంది. "నీ మీద గంపెడు రొయ్యలు కుమ్మరిద్దావంటే, అయ్యీ లేవు" అని మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత గురునాథరావు పొద్దున్నే తూర్పుకేసి చూసేముందు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకునేవాడు. కళ్లజోడు లేకుండా చూస్తే ఓడ మసకమసగ్గా, చిన్నదిగా, దూరంగా, సరిగ్గా నిబంధనల ప్రకారం ఉండేది. జగ్గయ్య కూడా ఎప్పటిలాగే బలపరిచేవాడు. జగ్గయ్య కూడా టెంపరరీయే.

సంక్రాంతికల్లా చిలకమ్మ మడుగు మడుగు కాకుండా పోయింది, ఉత్త గొయ్యి మిగిలింది. సూర్యకాంతమ్మ కొడుకులు పడవ అమ్మేసి ఒకడు రేవులో కూలికి పోయాడు, ఒకడు స్టీలు ప్లాంటు గోడ కట్టడానికి ఇటికలు మోశాడు. ఆమె ఎండుచేపలు అమ్మింది. తాతబాబుని మత్స్యకారుల సలహా సంఘంలో వేశారు. అతను ఇంకో ఇస్త్రీ చొక్కా కుట్టించుకున్నాడు.

సీజను ఫిర్యాదు లేకుండా ముగిసిందని రమణమూర్తి హైదరాబాదుకి రాశాడు. వేసవి దాటి, తొలకరి పడ్డాక, ఆర్డరు వచ్చింది. గురునాథరావుని తీరజల ఇసుక పర్యవేక్షకుడుగా శాశ్వత ప్రాతిపదికన నియమించడమైనది. తాయారు లడ్డూలు చేసింది. నీలకంఠం పూలదండ పట్టుకుని వచ్చి, ఇన్నేళ్లకి మొదటిసారి, చెప్పులు విప్పి లోపలికి వచ్చాక మాట్లాడాడు. వీధిలో వాళ్లందరూ వచ్చి కరచాలనాలు చేశారు. రమణమూర్తి వరండాలో చిన్న సభ పెట్టి, సముద్ర సంపద పరిరక్షణలో ఒక నూతన అధ్యాయం మొదలైందని ఉపన్యసించాడు. గురునాథరావు కళ్లు చెమర్చాయి.

డ్రెడ్జరు కాంట్రాక్టు అంతకు రెండు నెలల ముందే అయిపోయింది. అది మద్రాసు వెళ్లిపోయింది.